రాలిన ఆకు ఎవరిది?

ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 22:6, 7; లేవీయకాండము 25:1–7



గడచిన వేసవిలో మేము చేసిన పని యొకటి చాల దినములుగా మా మనస్సును బాధించుచున్నది. మొదట ఆ సంగతి మీతో చెప్పి, దానిలోనుండి పుట్టిన ప్రశ్నను మీ యెదుట పెట్టుదుము. మీరును మీ యిండ్లలో దానిని గూర్చి మాటలాడుకొనుడి.

మందిరపు ఆవరణములో పది నిమ్మ మొక్కలు, నాలుగు కొబ్బరి మొక్కలు నాటితిమి. మన పడమటి సీమ నేల సంగతి మీకు తెలియును. ఉదయగిరి మొదలుకొని ఆత్మకూరు వరకు అనేక చోట్ల జానెడు ఎర్రమన్ను, దాని క్రింద గరుసు. అప్పుడు సంఘములోని యువకుడొకడు, "అయ్యగారా, కొండ కింద అడివిలో ఆకుమన్ను దండిగా ఉండాది. రెండు ట్రాక్టర్లు తోలిస్తే మొక్కలు ఏపుగా లేస్తాయి" అని చెప్పెను. మేము సరే యంటిమి. కూలి మేమే యిచ్చితిమి. అనుమతి ఉన్నదా అని అడుగలేదు. అడవిలో రాలిన ఆకు, పై మన్ను కూడ అడవి సొత్తే యని చట్టము చెప్పుచున్నదను సంగతి మాకు తెలియనిది కాదు. తెలిసియు, ఇంత చిన్న విషయమునకు అడుగుట యెందుకని ఊరకుంటిమి.

మన్ను వచ్చెను. నల్లగా, పొడిపొడిగా, తొలకరి వాసనతో ఉండెను. చూచి సంతోషించితిమి. మూడవ దినమున మేకలు కాయు పెద్దాయన యొకడు దారిన పోవుచు ఆ కుప్ప యెదుట నిలిచి, పిడికెడు మన్ను చేతిలోనికి తీసికొని చూచి, "ఇది కొండ తినే కూడు గదయ్యా. దాని కూడు తెచ్చి మీ చెట్లకేసినారు. మరి అదేం తినాల?" అని అడిగి మేకలను తోలుకొని వెళ్లిపోయెను. ఆయన మన సంఘమువాడు కాడు, చదువుకొన్నవాడును కాడు. వేదాంత పాఠశాలలో ఏండ్ల తరబడి ప్రశ్నలకు జవాబులు నేర్చుకొన్న మాకు ఆ దినమున జవాబు లేకపోయెను.

కొండ తిను కూడు

ఆ పెద్దాయన మాట అలంకారముగా చెప్పినది కాదు, ఉన్న సంగతియే. ఉదయగిరి కొండ 3,079 అడుగుల యెత్తుగలది. అది వెలిగొండల శ్రేణిలోనిది. ఆ కొండలలో ఎక్కువ భాగము క్వార్ట్జైటు అనబడు గట్టి రాయి. నడుమ నడుమ పలకరాయి పొరలున్నవి. క్వార్ట్జైటులో ఇసుక జాతి పదార్థము తప్ప చెట్టునకు ఆహారమగునది బహు స్వల్పము. అట్టి రాతిమీద ఎర్రచందనము, చిరుమాను, బిక్కి, రేల ఎట్లు బ్రదుకుచున్నవి? ఎర్రచందనమైతే లోకములో మరెక్కడను సహజముగా మొలవక, మన తూర్పు కనుమల దక్షిణ భాగమునందే మొలుచుచున్నది గదా.

అవి ఎక్కువగా తమ ఆకును తామే తిని బ్రదుకుచున్నవి. పూర్వము మన బావులకు కపిలలు ఉండెడివి. చెట్టు కూడ ఒక కపిలయే. దాని వేరు రాతి సందులలోనికి దిగి, అక్కడ కరిగిన కొంచెము సున్నమును, పొటాషును, భాస్వరమును పైకి తోడి ఆకులో పెట్టును. ఆకు పండినప్పుడు చెట్టు దానిలోని నత్రజనిలోను భాస్వరములోను సుమారు సగము కొమ్మలోనికి తిరిగి తీసికొని, తరువాతనే ఆకును విడుచును. ఆ రాలిన ఆకును చెదలు, పురుగులు, బూజులు తిని నల్లని ఆకుమన్నుగా చేయును. ఆ మన్నులోనుండి వేరు మరల ఎత్తుకొనును. ఇట్లు ఒకే అన్నము ఏండ్ల తరబడి పైకిని క్రిందికిని తిరుగుచుండును. బయటనుండి వచ్చునది కొంచెము, లోపల తిరుగునది అధికము.

ఈ తిరుగుటకు శత్రువు ఒకటున్నది. అది వానయే. వాన లేక చెట్టు లేదు, అయినను వానయే చెట్టు కూడును కడిగివేయును. మన ఆడవారు పులుసునకు చింతపండు నానవేసి పిసుకుదురు. మొదటి పిసుకు చిక్కగా వచ్చును. రెండవది పలుచన. మూడవసారి నీళ్లే. నేలకు వాన చేయునది అదియే. వాన నీటిలో గాలిలోని బొగ్గుపులుసు వాయువు కరిగి స్వల్పమైన పులుపు కలుగును. మన్నులోని వేళ్లు విడుచు వాయువు ఆ పులుపును పెంచును. ఆ నీరు మన్నులోనుండి దిగుచు సున్నమును, మెగ్నీషియమును, పొటాషును కరిగించి తీసికొని పోవును. మన నేల ఎరుపునకు ఇదియు కారణమే. కరిగిపోవునవి పోగా కరుగని యినుము త్రుప్పువలె మిగిలినది.

అయితే దేవుడు ఆ మన్నులో ఒక పట్టును పెట్టెను. బంకమట్టి రేణువులకును ఆకుమన్నునకును ఋణ విద్యుత్తు ఉండును. సున్నము, మెగ్నీషియము, పొటాషు నీటిలో కరిగినప్పుడు ధన విద్యుత్తు కలిగియుండును. కాబట్టి మన్ను వాటిని అంటిపెట్టుకొని, వేరు వచ్చి అడుగువరకు దాచియుంచును. గాని నైట్రేటు రూపములోనున్న నత్రజనికి ఋణ విద్యుత్తే ఉన్నందున మన్ను దానిని పట్టజాలదు. దానిని పట్టునది బ్రదికియున్న వేరొక్కటే. వేరు లేనియెడల అది నీటితోకూడ వెళ్లిపోవును. మన ఇసుక పాలు ఎక్కువైన నేలలో బంకమట్టి తక్కువ. కనుక పట్టు ఏదైన ఉన్నదనిన అది ముఖ్యముగా ఆకుమన్ను. మేము ట్రాక్టరుమీద తోలించినది కొండ కూడు మాత్రమే కాదు, కొండ కూటికుండ కూడ.

మన జిల్లాలో ఏటి వానలో సగమునకు పైగా అక్టోబరు మొదలుకొని డిసెంబరులోపల పడును. వాయుగుండము పట్టెనా, నెలల వాన రెండు దినములలో కురియును. ఆకు కప్పుకొన్న నేల ఆ దెబ్బను ఓర్చుకొని నీటిని మెల్లగా త్రాగును. ఆకు ఊడ్చిన నేలమీద ఆ నీరు మన్నునే కోసికొని వాగులోనికి దిగును. ఆకును కాల్చినయెడల నత్రజనిలో అధిక భాగము పొగతో పోవును. సున్నము, పొటాషు బూడిదలో నిలుచును గాని, మొదటి జడివాన ఆ బూడిదను కడుగును. బూడిద నీళ్లతో గుడ్డలుతికిన మన అవ్వలకు ఆ సంగతి తెలియును. బూడిదలోని సారము నీటిలోనికి దిగుననియే గదా వారు దానిని వాడిరి.

దూరదేశములలో జరిగినది

ఈ ప్రశ్న మన కొండకు మాత్రమే వచ్చినది కాదు. జర్మనీ దేశములో పేద రైతులు గడ్డి చాలక, పశువుల క్రింద పరచుటకు అడవిలోని ఆకును దంతెలతో ఊడ్చి తీసికొనిపోవుచుండిరి. తరతరములుగా అట్లు జరిగెను. ఎవరును చెట్టు నరకలేదు. అయినను చెట్లు గిడసబారెను. ఎర్నెస్టు ఎబర్మయరు అను పండితుడు బవేరియా అడవులలో ఆ ఆకును తూచి, పరీక్షించి, 1876లో గొప్ప గ్రంథము ప్రచురించెను. మొద్దులో ఉన్న ఆహారము తక్కువ, ఆకులో ఉన్నది ఎక్కువ. కాబట్టి ఏటేట ఆకు తీయుట చెట్టు నరకుటకంటె నేలను అధికముగా బీదపరచగలదు. ఆకు ఊడ్చుట మానిన తరువాత ఆ అడవులలో అనేకము తిరిగి కోలుకొన్నవి. గాని అందుకు దశాబ్దములు పట్టెను.

రెండవ సంగతి అమెరికా దేశములోనిది. న్యూ హాంప్‌షైరు రాష్ట్రమందలి హబ్బర్డు బ్రూక్ అను అడవిలో శాస్త్రజ్ఞులు 1965 చివర ఒక చిన్న లోయలోని చెట్లన్నిటిని నరికించిరి. ఒక్క మొద్దునైనను బయటికి తీసికొనిపోలేదు, పడినవి పడినచోటనే ఉంచిరి. మూడేండ్లు మొలకెత్తకుండ మందు చల్లిరి. ఆ లోయనుండి పారు వాగు నీటిలో నైట్రేటు మొదటి సంవత్సరము సుమారు 40 రెట్లు, రెండవ సంవత్సరము 50 రెట్లకు పైగా పెరిగెను. ఎవరును ఏమియు తీసికొనలేదు, అయినను అడవి దోచుకొనబడెను. పట్టుకొను వేరు లేనందున ఉన్నదంతయు నీటిపాలాయెను. మందు మాని మరల మొలవనిచ్చినప్పుడు కొద్ది యేండ్లలోనే ఆ కారుట తగ్గెను.

మూడు సాకులు

ఇప్పుడు మా ప్రశ్న. మేము చేసినది పాపమా? ఆ రాత్రి మేము మాకు మూడు సాకులు చెప్పుకొంటిమి. వాటిని ఒక్కొక్కటిగా పరీక్షింతము.

మొదటిది: "అది రాలినది, వ్యర్థమగునది." ఇది అజ్ఞానము. అడవిలో వ్యర్థమనునది లేదని పైన చూచితిమి. మనకు ఉపయోగము కనబడనందున అది యెవరికిని ఉపయోగము లేనిదని తలంచుట మన పాత తప్పు. ముసలివారి విషయమందును, వికలాంగుల విషయమందును లోకము అట్లే తలంచుచున్నది గదా.

రెండవది: "అడవి సర్కారుది, ఎవరికి నష్టము?" ఈ మాట మన పల్లెలలో పుట్టుటకు కారణము లేకపోలేదు. 1882లో మద్రాసు అటవీ చట్టము వచ్చినప్పుడు తమ తాతలు మేపుకొన్న కొండలకు హద్దురాళ్లు పడుట మన పెద్దలు చూచిరి. తనది కాదని చెప్పబడినదానిని కాపాడవలెనను మనస్సు ఎవరికి కలుగును? 1992 తరువాత వన సంరక్షణ సమితులు ఏర్పడి గ్రామములకు కొంత పాలు లభించెను. అయితే చట్టము అడవి యెవరిదని చెప్పినను, ఆ కొండమీద కురిసిన వాన మన చెరువులోనికే దిగును, మన బావిలోనికే ఊరును. నష్టము ఎవరికని అడిగినవాని బావియే మొదట ఎండును. ఇంకను పుట్టని మన మనుమలకు ఆ కొండలో పాలున్నది, మాటలాడుటకు వారికి నోరు మాత్రము ఇప్పుడు లేదు.

మూడవది మిక్కిలి బలమైనది: "ఇంత పెద్ద అడవిలో మా రెండు ట్రాక్టర్లెంత?" దీనికి జవాబు మన యిండ్లలోనే ఉన్నది. మన తల్లులు ప్రతి పూట ఎసటిలో బియ్యము వేయుటకు ముందు ఒక పిడికెడు తీసి కానుక డబ్బాలో వేయుచున్నారు. ఆ పిడికెడు తీసినందున ఏ యింటను కూడు తక్కువ కాలేదు. అయినను నెల తిరుగువరకు సంఘమునకు మూటలకొలది బియ్యము చేరును. పిడికెడు పిడికెడు చేరి మూటయగునని నమ్మి కానుక ఎత్తు మనము, పిడికెడు పిడికెడు పోయి కొండ బీదపడునని ఎందుకు నమ్మము? ఇచ్చునప్పుడు ఒక లెక్క, తీయునప్పుడు ఒక లెక్క పనికిరాదు. ఎర్రచందనపు దుంగను దొంగిలించువానిని మనమందరము దొంగ యందుము. రాత్రివేళ లారీ పోయెనని చెప్పుకొందుము. పట్టపగలు మందిరమునకు ఆకుమన్ను తోలినవానిని దొంగ యని ఎవరును అనలేదు, ఆ మేకల పెద్దాయన తప్ప.

తల్లి పక్షి

అట్లయిన అడవినుండి ఏమియు తీసికొనరాదా? లేఖనము అట్లు చెప్పుటలేదు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో త్రోవలో పక్షిగూడు కనబడినవానికి ఒక చిన్న కట్టడ ఉన్నది. పిల్లలను తీసికొనుటకు సెలవున్నది. తల్లిని విడిచిపెట్టవలెను. ఆకలిగొన్నవానిని ఆ కట్టడ త్రోసివేయలేదు. గాని రేపటి పిల్లలు ఎక్కడనుండి వచ్చునో దానిమీద చెయ్యి వేయరాదని గీత గీసినది. లేవీయకాండము 25వ అధ్యాయము నేలకు కూడ ఏడవ యేట విశ్రాంతి నియమించినది. నేల మన దాసి కాదు, దానికిని దేవుని యెదుట ఒక హక్కు ఉన్నది.

ఈ కొలతతో కొలిచినప్పుడు కొన్ని సంగతులు తేటపడుచున్నవి. ఉదయగిరిలో కొయ్య చెంచాలు, గరిటెలు చేయు పనివారున్నారు. ఆ పని భౌగోళిక గుర్తింపు పొందినది. వారు కొమ్మ తీసికొని, చెట్టును మరల చిగుర్చనిచ్చినయెడల అది పిల్లను తీసికొనుట. పొయ్యికొరకు ఎండు పుల్లలు ఏరు విధవరాలిదియు అట్టిదే. పుల్లలో కూడు తక్కువ, ఆమె అవసరము ఎక్కువ. ఆకుమన్నును పారతో గీకి ట్రాక్టరు నింపుట మాత్రము తల్లిని పట్టుకొనుట. ఈ భేదమును మరచి, అడవిని కాపాడుదమని చెప్పుచు, పుల్లల మోపు ఎత్తుకొన్న స్త్రీని అడ్డగించి, ట్రాక్టరుకు దారి విడుచు న్యాయము న్యాయము కాదు. భారము మొదట మోయవలసినవారు వేరొక త్రోవ గలవారు. అనగా తోటలు గలవారు, ఆవరణములు గలవారు, మావంటివారు.

ఈ సంగతి ఆదివారమున సంఘము యెదుట ఒప్పుకొన్నప్పుడు, మాకు మన్ను తోలిన యువకుడు లేచి, "అయ్యగారా, మీకు మనసు కుదుటపడింది. నా కూలి మాటేంది? మీ మాట విని రేపట్నుంచి నిమ్మతోటలకు తోలడం మానుకుంటే నా బిడ్డలకు మీరు పెడతారా?" అని అడిగెను. సంఘమంతయు నిశ్శబ్దమాయెను. అతడు అడిగినది న్యాయము. మా పశ్చాత్తాపపు ఖర్చు అతడు కట్టుట యేమి? ఒకని మనస్సాక్షి మరియొకని కూటితో శుభ్రమగునా?

ఆ ప్రశ్నకు పెద్దలతో కూర్చుండి ఒక సగము జవాబు కనుగొంటిమి. కొండనుండి కడిగిన సారములో కొంత చెరువులలో పూడికగా నిలిచియున్నది. 1369లో ఉదయగిరినుండి పాలించిన బుక్కరాయల కుమారుడు భాస్కరుడు వెలిగొండలకు పడమట పోరుమామిళ్ల చెరువు కట్టించి శాసనము వేయించెను. మంచి చెరువునకు కావలసిన లక్షణములును, చవిటినేలవంటి దోషములును అందులో చెప్పబడినవి. నీరు వచ్చు దారిని, నిలుచు నేలను మన పూర్వులు అంత జాగ్రత్తగా చూచిరి. వేసవిలో ఎండిన చెరువు మట్టిని బండ్లతో చేలకు తోలుకొనుట మన రైతులకు పాత అలవాటే. అది కొండ కూడు నిలిచిపోయిన చోటినుండి ఎత్తుకొనుట. తల్లి గూటినుండి ఎత్తుకొనుట కాదు. తోటలు గల ముగ్గురు సహోదరులు ఇకమీదట చెరువు మట్టియే కొందుమనియు, ఆ తోలకము అతనికే ఇత్తుమనియు ఒప్పుకొనిరి. అనుమతి తీసికొనియే ఆ పని జరుగును. అయితే చెరువు నిండియున్న నెలలలో అతనికి పని ఉండదు. అందుకే సగము జవాబు అంటిమి. మిగిలిన సగము సంఘము ఇంకను బాకీయున్నది.

తిరిగి ఇచ్చుట

మేము తెచ్చినది తిరిగి కొండకు తోలుదమా అనియు తలంచితిమి. జక్కయ్య నాలుగంతలు తిరిగి ఇత్తుననెను గదా (లూకా 19). ఆ పెద్దాయన మరల కనబడినప్పుడు అడిగితిమి. ఆయన నవ్వి, "ఇప్పుడు తీసకపోయి పోస్తే నిలస్తదా అయ్యా? ఒక్క వానకు కొట్టకపోద్ది. దాన్ని వదిలేయండి. అదే చేసుకుంటది" అనెను. హబ్బర్డు బ్రూక్ శాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి నీళ్లు పరీక్షించి తెలిసికొన్నది ఆయన మేకల వెంట నడచి తెలిసికొనెను. మన్నును పట్టియుంచునది బరువు కాదు, బ్రదికియున్న వేళ్ల అల్లిక. దానిని మనము గీకివేయగలము గాని తిరిగి అల్లలేము.

కాబట్టి లోకములో తిరిగి ఇయ్యజాలని అప్పులు కొన్ని ఉన్నవని మేము నేర్చుకొంటిమి. డబ్బు తీసికొన్నయెడల డబ్బు ఇయ్యవచ్చును. మాటతో గాయపరచినవానికి ఆ మాటను వెనుకకు తీసికొని ఇయ్యలేము. నేల అప్పును కాలమే తీర్చవలెను, మనము చేయి తీసివేసి దానికి కాలము ఇయ్యవలెను. చేయి తీసివేయుటయు ఒక చెల్లింపేయని లేవీయకాండములోని ఏడవ సంవత్సరము బోధించుచున్నది.

ఇప్పుడు మందిరపు ఆవరణములో రాలిన వేపాకును, కానుగాకును కాల్చుట మానితిమి. ఒక గుంట త్రవ్వి అందులో వేయుచున్నాము. అడవి కార్యాలయమునకు పోయి మేము చేసినది చెప్పితిమి. నిమ్మ మొక్కలు ఏపుగానే లేచినవి. వాటిని పెరికివేయలేదు, పెరికినందున కొండకు లాభము లేదు. మొదటి కాయలు వచ్చినప్పుడు ఆ పెద్దాయన యింటికి ఒక బుట్టెడు పంపవలెనని సంఘము తీర్మానించినది.

మీ గ్రామములో కొండ లేకపోవచ్చును. వాగు ఉండవచ్చును, మేత బీడు ఉండవచ్చును, ఊరుమ్మడి బావి ఉండవచ్చును. అక్కడ మీరు తీసికొనునది పిల్లయా తల్లియా అని ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఒకరినొకరు అడుగుకొనుడి. అడుగువాడు మేకల కాపరి యైనను, కూలివాడైనను, అతని మాటను త్రోసివేయకుడి. వినుటకు మనకందరికిని ప్రభువు చెవి ననుగ్రహించును గాక.